తలా కాస్త నొప్పి

ఐసు నీళ్ల బకెట్లో చెయ్యి పెట్టింది ప్రయోగానికి వచ్చిన విద్యార్థిని. చెయ్యి వెనక్కి లాక్కున్నది మాత్రం గాజు గోడకు అవతల కుర్చీలో కూర్చున్న సుభాషిణి. ఇద్దరికీ చెవి వెనక ఎముక మీద చొక్కా గుండీ అంత బిళ్ల అతికించి ఉంది.

"మేడమ్, నాకు సగమే తెలుస్తోంది," అంది విద్యార్థిని, చెయ్యి ఇంకా నీళ్లలోనే ఉంచి.

"మిగతా సగం ఇక్కడుందమ్మా," అంది సుభాషిణి, పొడిగా ఉన్న తన చేతిని చంకలో పెట్టుకుంటూ.

విశాఖపట్నంలో రుషికొండ మీద ఉన్న ఆ ల్యాబ్‌లో ఆ పూట ఎవరూ భోజనానికి లేవలేదు. అప్పటిదాకా వాళ్లు నొప్పిని ఆపడానికే ప్రయత్నించారు. ఆపితే కొంతసేపు ఆగేది. తర్వాత మెదడు దాన్ని రెట్టించి పంపేది. ఇంకో మెదడు ఆ నొప్పిని అందుకుంటే మొదటిది దాన్ని పట్టుకుని ఉండదని, ఆ మేరకు వదిలేస్తుందని ఆ రోజు తేలింది.

సాయంత్రం గాజువాకలో ఇంటికి వెళ్లి అత్తగారికి చెప్పింది. పైడితల్లమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"నొప్పి తలుపు కొట్టే మనిషి లాంటిది అత్తయ్యా. తియ్యకపోతే ఇంకా గట్టిగా కొడతాడు. ఎవరో ఒకరు తీసి, విన్నాం వెళ్లు అంటే పోతాడు. ఆ తలుపు పక్కింటివాళ్లు తీసినా చాలని ఇవాళ తెలిసింది."

"ఇది కనిపెట్టడానికి ఇన్నేళ్లేటి?" అంది పైడితల్లమ్మ. "నీ మొగుడు సిన్నప్పుడు ఈదిలో పడితే ఏడిసీవోడు కాదు. ఇంట్లోకొచ్చి, నాను సూత్తన్నానని తెలిసాక ఏడిసీవోడు. అంతే, తగ్గిపోయీది."

ఇంట్లో మొదటి బిళ్ల ఆమెకే పెట్టారు. మోకాళ్ల నొప్పి ఆమెది. అందుకునేవాడు కొడుకు జగదీష్. షిప్‌యార్డులో వెల్డింగులు తనిఖీ చేసే ఉద్యోగం అతనిది. తల్లి మేడ మెట్లు ఎక్కుతుంటే కింద హాల్లో కొడుకు మోకాలు పట్టుకుని కూర్చుండిపోయాడు. "ఈ కాళ్లతోనేనా అమ్మా ఇన్నాళ్లూ మాకు వండి పెట్టావు," అన్నాడు. పైడితల్లమ్మకి నొప్పి తగ్గడం కంటే ఆ మాట ఎక్కువ నచ్చింది. ఆ వారమంతా ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంది.

రెండో బిళ్ల కూతురు ధాత్రికి. ఎనిమిదేళ్లప్పుడు సైకిల్ మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక సరిచేస్తుంటే సగం నొప్పి సుభాషిణి తీసుకుంది. కట్టు విప్పాక కూడా బిళ్ల తియ్యలేదు. తియ్యమని పిల్ల అడగలేదు, తియ్యాలని తల్లికి తోచలేదు. ఆ తర్వాత ధాత్రికి ఎక్కడ తగిలినా సుభాషిణికి అక్కడే తెలిసేది. ఒకసారి ల్యాబ్ మీటింగులో ఉండగానే స్కూలుకి ఫోన్ చేసి, "మా అమ్మాయి ఎడమ మోచెయ్యి ఒకసారి చూడండి," అంది. అవతల టీచరు వెళ్లి చూసి, గీసుకుపోయిందనీ, పిల్ల ఇంకా ఆడుకుంటూనే ఉందనీ చెప్పింది.

బిళ్ల మార్కెట్లోకి వచ్చింది. కంపెనీ దానికి ఇంగ్లీషు పేరు పెట్టింది, జనం 'వంతు' అన్నారు. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడిచేవాళ్ల మధ్య కొంతకాలం అదే ముచ్చట.

"పెళ్లయిన ముప్పయ్యేళ్లకి మా ఆవిడ నడుంనొప్పి నిజమేనని తెలిసిందండీ," అన్నాడు బ్యాంకులో రిటైరైన ఒకాయన. "ఆ పూట అంట్లు నేనే తోమాను."

"మా కోడలు నా వంతు రెండు రోజులు పెట్టుకుంది. మూడో రోజు ఆఫీసులో మీటింగుందని పీకేసింది," అంది ఒక పెద్దావిడ. "రెండు రోజులైనా పెట్టుకుంది, పోనీలెండి."

వాళ్లతో నడిచే డాక్టరు ఒకాయన మాత్రం, "నొప్పి పంచుకుంటారు సరే, రోగాన్ని ఎవరు పంచుకుంటారు?" అన్నాడు. ప్రాక్టీసు పడిపోతుందని ఆయన బెంగ అని మిగతావాళ్లు నవ్వారు.

ఆ బిళ్లకి ఒక అలారం ఉంది. నొప్పి సున్నా నుంచి పది దాకా అంకెగా ఫోన్లో కనిపిస్తుంది. ఆరు దాటితే మోగుతుంది, డాక్టరు దగ్గరికి వెళ్లమంటుంది. మొదట్లో అది మనిషి మొత్తం నొప్పిని లెక్కపెట్టేది. దాంతో మోకాళ్ల నొప్పులున్న ప్రతి ఇంట్లోనూ రోజుకి పదిసార్లు మోగింది. సీరియల్ మధ్యలో మోగుతోందని ముసలివాళ్లు బిళ్లలు పీకి డబ్బాల్లో పడేశారు. ల్యాబ్ పెద్ద సత్యప్రసాద్ ఆ ఫిర్యాదులు సుభాషిణి ముందు పెట్టాడు. పంచగా మనిషి దగ్గర మిగిలిన నొప్పినే అలారం చూడాలని మార్పు రాసింది సుభాషిణే. మిగిలిందే కదా మనిషిని బాధపెట్టేది అంది. మీటింగులో ఎవరూ కాదనలేదు. అదే మీటింగులో, ఒక మనిషి నొప్పిని నలుగురికి మించి పంచకూడదన్న హద్దు కూడా ఎత్తేశారు.

"కుటుంబమంటే నలుగురేనా అండీ?" అన్నాడు సత్యప్రసాద్. "మన దగ్గర ఒక్క మేనత్తలే నలుగురుంటారు." పన్నెండు చేశారు.

ఆ ఏడాది ధాత్రి పెద్దమనిషి అయింది.

పేరంటం వద్దనుకుంది సుభాషిణి. పైడితల్లమ్మ ఊరుకోలేదు. "సదువుకున్నోళ్ల పిల్లలు పెద్దమనుషులవరేటి? నలుగురూ వచ్చి అచ్చింతలేస్తే నీ సదువేటి తరిగిపోద్దా?"

విజయనగరం నుంచి జగదీష్ అక్క వరహాలు, చోడవరం నుంచి పిన్నత్తగారు, సుభాషిణి అక్కా, ఇంకా ముగ్గురు వదినలూ, పక్క వాటాలో ఉండే ఆవిడా వచ్చారు. ధాత్రిని చాప మీద కూర్చోబెట్టి పసుపు రాసి, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి ముద్దలు ఒళ్లో పెట్టారు. తర్వాత ఒక్కొక్కరే ఫోన్ తీశారు. వంతులు వచ్చిన దగ్గర్నుంచి ఆ జిల్లాల్లో పేరంటాళ్లు మొదలుపెట్టిన పద్ధతి అది. పిల్ల నెలనెలా పడబోయే కడుపునొప్పిలో ఒక వంతు తమ చెవి వెనక బిళ్లకి తీసుకుంటామని చెప్పి, పసుపు చేత్తోనే ఫోన్ మీద బొటనవేలు ఆనిస్తారు. చీర పెట్టడం కంటే అది గొప్పగా చెప్పుకునేవాళ్లు.

"మా మరదలు కనిపెట్టిందని ఇజీనారం అంతా టముకేసినాను," అంది వరహాలు. "నా వంతు లేకపోతే నలుగురూ నవ్వరేటి? ఇలా తే ఫోను."

"నాకు మూడు వంతులు రాయండి," అంది పైడితల్లమ్మ.

"అమ్మా, నీ మోకాళ్లే ఇంకోళ్లు మోస్తన్నారు, నీకు మూడేటే?" అంది వరహాలు. అందరూ నవ్వారు.

గుమ్మంలో నిలబడ్డ జగదీష్, "మరి నాకు?" అన్నాడు.

"ఆడోళ్ల నొప్పి నీకెందుకురా. నువ్వెళ్లి బూరెలు ఒడ్డించు," అంది తల్లి. అతను నవ్వి వెళ్లిపోయాడు. కూతురి వంతు అతనికి అంతకు ముందూ లేదు. అది తల్లీ కూతుళ్ల మధ్య వ్యవహారంగానే ఉండిపోయింది.

తల్లి, నాయనమ్మ, వచ్చిన ఏడుగురు. తొమ్మిది మంది. ధాత్రికి మిగిలేది పదో వంతు కూడా కాదు.

పేరంటానికి తెచ్చినదాని గురించి తర్వాత మాట్లాడకూడదు. చీర ధర చెప్పకూడదు, చిమ్మిలి ఎంత పెట్టామో అనకూడదు. వంతుకీ అదే మర్యాద కుదిరింది. మీ పిల్ల నొప్పి నన్ను ఇబ్బంది పెడుతోందని ఎవరైనా అంటే, పెట్టిన చీర తిరిగి అడిగినంత తప్పు. ఆ మర్యాద ఎవరూ ఎక్కడా రాయలేదు. అందరికీ తెలుసు.

మూడు రోజులకి సుభాషిణికి ల్యాబ్‌లో పొట్ట కాస్త బిగదీసినట్టు అనిపించింది. బూరెలు ఎక్కువయ్యాయనుకుని మజ్జిగ తాగింది. ఫోన్ తీసి కూతురి అంకె చూసింది. ఒకటి. నెలసరి రోజులు, ఆమాత్రం ఉంటుంది అనుకుంది. మళ్లీ పనిలో పడింది.

ఆ సాయంత్రం జగదీష్ వంటింట్లోకి వచ్చాడు.

"సుభా, పిల్ల వంగి నడుస్తోంది. చూశావా?"

"కొత్త కదా, సిగ్గు. అన్నీ సర్దుకుంటాయి."

"సిగ్గు కాదు. కుడికాలు ముడుచుకునే పడుకుంది. అన్నం ముట్టలేదు."

సుభాషిణి తడి చెయ్యి తుడుచుకుని ఫోన్ చూపించింది. "రెండు. చూడు. జలుబు చేస్తే ఉండేంత."

జగదీష్ ఆ అంకె వైపు చూశాడు. "నాకు దాన్ని చదవడం రాదు," అన్నాడు. "పిల్ల వంగి నడుస్తోందని మాత్రం చెప్తున్నాను."

సుభాషిణి వెళ్లి కూతుర్ని అడిగింది. ధాత్రి ఫోన్లో బొమ్మలు చూస్తూ, "కొంచెం ఏదోలా ఉంది. నొప్పి కాదు," అంది. నుదురు వెచ్చగా ఉంది. వీధి చివరి క్లినిక్‌లో డాక్టరు అజీర్తికి మాత్రలిచ్చాడు. మర్నాడు వాంతులయ్యాయి. ఆ మర్నాడు ఫోన్లో అంకె రెండు నుంచి ఒకటికి దిగింది. తగ్గుతోందని సుభాషిణి ల్యాబ్‌కి వెళ్లింది. మధ్యాహ్నం జగదీష్ ఫోన్ చేశాడు. పిల్ల బాత్రూం దగ్గర కూలబడిపోయిందనీ, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళుతున్నాననీ, పైడితల్లమ్మ కూడా తనతోనే ఉందనీ చెప్పాడు.

సర్జన్ డాక్టర్ నసీమా ధాత్రి పొట్ట మీద నాలుగు వేళ్లు ఆనించి నొక్కింది. పొట్ట చెక్కలా బిగిసి ఉంది.

"ఇక్కడ నొప్పిగా ఉందా అమ్మా?"

"కొంచెం."

"ఇక్కడ?"

"అక్కడా కొంచెమే."

"నూట నాలుగు జ్వరం, గుండె ఇంత వేగం. ఈ పొట్టకి పిల్ల కేకలు పెట్టాలి," అంది నసీమా సుభాషిణి వైపు తిరిగి. "స్కాన్‌లో లోపల నీరు కనిపిస్తోంది. ఎక్కడిదో తెలియడం లేదు. గ్యాసు అడ్డొచ్చి అపెండిక్స్ కనపడలేదు. నొప్పి ఎక్కడ మొదలైందో పిల్ల చెప్పలేకపోతోంది." అంటూనే ధాత్రి జుట్టు పక్కకి తీసి చెవి వెనక చూసింది. "ఎంతమంది?"

"తొమ్మిది మంది," అంది సుభాషిణి.

నసీమా నర్సు వైపు తిరిగింది. "తీసేయండి. దీంతో మత్తు కూడా ఇవ్వలేం. నేను కత్తి పెట్టినప్పుడు వాళ్లలో ఎవరు స్కూటర్ మీద ఉంటారో, ఎవరు పొయ్యి దగ్గర ఉంటారో."

ధాత్రి చెవి వెనక బిళ్ల మీదికి వెళ్లిన నర్సు చేతిని సుభాషిణి పట్టుకుంది. "ఇది కాదు. ముందు అవతలివాళ్లవి తియ్యాలి, ఒక్కొక్కరివే. అందరి వంతూ ఒక్కసారి మీద పడితే గుండె తట్టుకోదు. ల్యాబ్‌లో ఇద్దరు స్పృహ తప్పారు."

వరండాలోకి వచ్చి మొదట వరహాలుకి ఫోన్ చేసింది.

"వదినా, ధాత్రి వంతు తీసెయ్. ఇప్పుడే."

"అదేటి మాట. పేరంటానికి ఇచ్చింది వెనక్కి తీసుకుంటారేటి? పిల్లకి కీడు. ఏటైంది, నీకు నా మీద కోపమా?"

"వదినా, మూడు రోజుల నుంచి నీకు పొట్టలో ఎలా ఉంది?"

అవతల వరహాలు టీవీ కట్టేసింది.

"చెప్పు వదినా."

"ఉంది. ఏదో పట్టేసినట్టు. బూరెలనుకున్నాను. తర్వాత పిల్లదే అనుకున్నాను. చెప్పకూడదు కదా సుభా, ఎలా చెప్తాను?"

"కుడా, ఎడమా?"

"కుడి. ముందు బొడ్డు దగ్గరుండీది. తర్వాత కిందకి దిగింది, కుడేపుకి."

చోడవరం పిన్నత్తగారు వాము నీళ్లు తాగిందట. ఎక్కడ అని అడిగితే కుడి అంది. సుభాషిణి అక్క రెండు రోజులు ఉపవాసం చేసింది. కుడి. పక్క వాటా ఆవిడ తనకు గర్భసంచి జబ్బేమోనని భయపడి ఎవరికీ చెప్పకుండా స్కాన్ కూడా తీయించుకుంది. అందులో ఏమీ లేదన్నారు. ఆవిడదీ కుడే. ఒక్కొక్కరూ ఒక్కో మాటతో మొదలుపెట్టి అక్కడికే వచ్చారు. ఎవరూ ఎవరితోనూ అనలేదు. నొప్పి ఎవరినీ మంచాన పడేసేంత లేదు. ఎవరికి వారు పనులు చేసుకున్నారు.

సుభాషిణి తలుపు తెరిచి లోపలికి చెప్పింది. "బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందకి దిగింది. ఇవాళ పొద్దున ఒక్కసారిగా తగ్గింది."

"తగ్గినప్పుడే పగిలింది," అంది నసీమా. "థియేటర్‌కి చెప్పండి," అని నర్సుని పంపింది.

ఒక్కో బిళ్ల తీసినప్పుడల్లా మంచం మీద పిల్ల తీరు మారుతూ వచ్చింది. మొదట ఫోన్ పక్కన పెట్టేసింది. తర్వాత మోకాళ్లు పొట్టకి లాక్కుంది. సుభాషిణి తన బిళ్ల తీసుకున్నాక ధాత్రి మంచం కమ్మీ పట్టుకుంది.

ఇక మిగిలింది పైడితల్లమ్మ. వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. పొట్ట మీద చీర కుచ్చెళ్లు రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ముఖం చెమటతో తడిసి ఉంది. కోడలు దగ్గరికి రాగానే చెయ్యి చెవి వెనక్కి పెట్టుకుంది.

"నాది ఉంచు."

"అత్తయ్యా, తియ్యాలి."

"మూడు వంతులు నాను మోత్తన్నాను. మోయలేకపోతే సెప్తాను కదా."

"మీకు తెలుసా ఇది పిల్లదని?"

"తెలీకేటి. మొదటి రోజే తెలిసింది. ఆడదాని నొప్పి అనుకున్నాను. మనం పడలేదేటి? నాకొచ్చినప్పుడు మా అమ్మ పొలంలో ఉంది, ఒక్కదాన్నే గోడకానుకుని కూకున్నాను. దీనికా గతి పట్టకూడదనుకున్నాను. సిన్న పేణం. తట్టుకోలేదు. నాది ఉంచవే."

సుభాషిణి మోకాళ్ల మీద కూర్చుంది. అత్తగారి చేతివేళ్లు ఒక్కొక్కటే విడదీసి, చెవి వెనక బిళ్ల గోటితో ఎత్తి లాగేసింది.

లోపల్నుంచి కేక వినిపించింది. సుభాషిణి అసంకల్పితంగా తన పొట్ట పట్టుకుంది. అక్కడేమీ లేదు. నాలుగేళ్లలో కూతురి నొప్పిని చెవితో మాత్రమే వినడం ఆమెకి అదే మొదటిసారి. అది ఎంతో ఆమెకి తెలియలేదు.

ఆపరేషన్ అయింది. అపెండిక్స్ పగిలి, చీము పొట్ట అంతా నిండింది. కడిగి, గొట్టాలు పెట్టారు. ఒక రోజు ముందు తీసుకొచ్చి ఉంటే చిన్న కోతతో పోయేదని నసీమా చెప్పింది. పిల్ల బతుకుతుందని కూడా చెప్పింది, కాని కొంచెం ఆగి చెప్పింది.

స్పృహ వచ్చాక ధాత్రి మొదట అడిగింది అదే.

"అమ్మా, తీసుకో."

"కుదరదు బంగారం. నొప్పి ఎక్కడుందో డాక్టరు గారికి తెలియాలి. లోపల మళ్లీ చీము పడితే నొప్పే చెప్పాలి."

"సగం వద్దు. కొంచెం."

"మందు ఇస్తున్నారు కదా. తగ్గుతుంది."

"తగ్గడం లేదమ్మా."

పైడితల్లమ్మ మంచం అవతలి పక్క నుంచి చూస్తోంది. "తల్లివేనా నువ్వు," అంది. "అడుక్కుంటంది పిల్ల."

బిళ్లలు సుభాషిణి హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. అతికించడానికి అరనిమిషం పట్టదు. ఆ పూటా, మర్నాడూ ధాత్రి అడుగుతూనే ఉంది. కట్టు మార్చినప్పుడల్లా అడిగింది. నర్సు గొట్టం కదిపినప్పుడు, "అమ్మా అమ్మా, ఒక్కసారి," అంది. సుభాషిణి ఆమె చెయ్యి పట్టుకుంది. ధాత్రి ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియనట్టు చూసింది. అంతకుముందు ఎప్పుడూ వాళ్లకి చెయ్యి పట్టుకునే అవసరం రాలేదు.

మూడో రోజు నుంచి అడగడం మానేసింది.

ఆ వారంలో సత్యప్రసాద్ పళ్లు పట్టుకుని వచ్చాడు. వరండాలోనే మాట్లాడాడు.

"అలారం మళ్లీ మొత్తం నొప్పిని చూసేలా మార్చేశామండీ. చిన్న పనే."

"పిల్లలకి ఆపేద్దాం సార్."

"పిల్లలకి ఆపితే ఇంకేం మిగులుతుందండీ? అమ్ముడుపోయేదంతా పిల్లల కోసమే." అతను గొంతు తగ్గించాడు. "మీ అమ్మాయి సంగతి పేపర్లో వచ్చింది చూశారా? తొమ్మిది మంది కుడి అని చెప్పబట్టే ప్రాణం నిలబడిందని రాశారు. ఆర్డర్లు పెరిగాయి."

"పిల్లలకి ఆపకుండా కొత్త అలారం మీద నేను సంతకం పెట్టను."

"అక్కర్లేదండీ. మీరు సెలవులో ఉన్నారు కదా, వేరేవాళ్ల చేత పెట్టించాం," అన్నాడు సత్యప్రసాద్. పళ్ల సంచి బెంచీ మీద పెట్టి, పిల్లని చూడకుండానే వెళ్లాడు. చూస్తే ఇబ్బంది అనుకున్నట్టున్నాడు.

ధాత్రి లేచి కూర్చుంది. జావ తాగింది. గొట్టాలు తీసేశారు. పొద్దున్నే రౌండ్లకి వచ్చిన నసీమా నొప్పి ఎంత ఉందని అడిగితే, "లేదు," అంది. మర్నాడూ లేదంది. ఇంటికి పంపించే మాట వచ్చింది. సుభాషిణి బట్టలు సర్దుతుంటే జగదీష్ దుప్పటి మడతపెట్టబోయి ఆగాడు.

"సుభా, దాని కాళ్లు చూడు."

దుప్పటి కింద ధాత్రి కాలివేళ్లు ముడుచుకుని ఉన్నాయి. రెండు పాదాలూ ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుంటున్నాయి. ముఖం మామూలుగా ఉంది. సుభాషిణి నసీమాని పిలిచింది. మళ్లీ స్కాన్ తీశారు. కాలేయం కింద చీము గడ్డ కట్టింది. నిమ్మకాయంత ఉందన్నారు.

"ఎప్పటి నుంచి నొప్పిగా ఉందమ్మా?" అంది నసీమా.

"మొన్నటి నుంచి."

"రోజూ అడుగుతున్నాను కదా. లేదన్నావేం?"

ధాత్రి తల్లి వైపు చూడలేదు. "చెప్తే ఎవరూ తీసుకోరుగా," అంది.

పైడితల్లమ్మ లేచి వరండాలోకి వెళ్లిపోయింది. జగదీష్ దుప్పటి మళ్లీ కూతురి మీద కప్పాడు. రెండోసారి థియేటర్‌కి తీసుకెళ్లారు.

ఆ రెండో ఆపరేషన్ తర్వాత ధాత్రి కోలుకుంది. ఇంటికి వచ్చింది, స్కూలుకి వెళుతోంది. సుభాషిణి ల్యాబ్‌కి తిరిగి వెళ్లలేదు. వరహాలు తన బిళ్ల తిరిగి పెట్టుకుంటానని రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ సుభాషిణి వద్దంది. వాళ్ల మధ్య రాకపోకలు తగ్గాయి.

మళ్లీ ఏదైనా గడ్డ కడితే ముందే తెలియడానికి, పొట్ట ఎలా నొక్కి చూడాలో నసీమా సుభాషిణికి నేర్పింది. స్కూలు బస్సు వచ్చే ముందు రోజూ చూస్తుంది. ధాత్రి మంచం మీద పడుకుని చొక్కా పైకి తీస్తుంది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

సుభాషిణి నాలుగు వేళ్లు మచ్చ పక్కన ఆనించి మెల్లగా నొక్కుతుంది. నొక్కేటప్పుడు పొట్ట వైపు చూడకూడదని, పిల్ల ముఖం వైపు చూడాలని నసీమా చెప్పింది. అలాగే చూస్తుంది. ధాత్రి ముఖం కదలనివ్వదు.